కొలత మారింది, ప్రమాదం అలాగే ఉంది: సిలికాన్ వ్యాలీ బ్యాంకు బోర్డు పాలనపై కేస్ స్టడీ

2023 మార్చి 10న కాలిఫోర్నియా రాష్ట్ర నియంత్రణ సంస్థ సిలికాన్ వ్యాలీ బ్యాంకును మూసివేసి, దాని బాధ్యతను ఫెడరల్ డిపాజిట్ బీమా సంస్థకు అప్పగించింది. అంతకు రెండు రోజుల ముందు వరకు ఆ బ్యాంకు కార్యకలాపాలు మామూలుగానే సాగాయి. 2022 చివరినాటికి దాని ఆస్తులు సుమారు 20,900 కోట్ల డాలర్లు. 2008లో వాషింగ్టన్ మ్యూచువల్ పడిపోయిన తర్వాత అమెరికాలో అంత పెద్ద బ్యాంకు కూలడం అదే మొదటిసారి.

ఈ పతనానికి వడ్డీ రేట్లు వేగంగా పెరగడం, డిపాజిటర్లు సామాజిక మాధ్యమాల్లో ఒకరినొకరు హెచ్చరించుకోవడం కారణాలని చాలామంది రాశారు. రెండూ నిజమే. కానీ బ్యాంకుల బోర్డు రిస్క్ కమిటీలకు నోట్లు, అంటే నివేదికలు, సిద్ధం చేసే వృత్తిలో ఉన్నవారికి ఈ కేసులో ఆసక్తి కలిగించేది వేరొకటి ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్‌లో అప్పటి పర్యవేక్షణ ఉపాధ్యక్షుడు మైఖేల్ బార్ ఆధ్వర్యంలో 2023 ఏప్రిల్ 28న వెలువడిన సమీక్ష, ఫెడరల్ రిజర్వ్ పర్యవేక్షకులు బ్యాంకుకు రాసిన, సాధారణంగా ఎన్నటికీ బయటికి రాని లేఖలను కూడా ప్రజల ముందు పెట్టింది. ఒక బ్యాంకులో రిస్క్ కొలతలు ఏం చెప్పాయో, యాజమాన్యం వాటిని ఏం చేసిందో తేదీల వారీగా చదివే అవకాశం అరుదుగా దొరుకుతుంది. దాని ఆధారంగానే ఈ విశ్లేషణ రాస్తున్నాను. నా దృష్టిలో ఈ కేసు సారాంశం ఇది: బ్యాంకుకు కమిటీలు, పరిమితులు, మోడళ్లు అన్నీ ఉన్నాయి, పరిమితి దాటిన ప్రతి ముఖ్య సందర్భంలోనూ యాజమాన్యం బ్యాలెన్స్ షీట్‌ను కాకుండా కొలతను సర్దింది, బోర్డు దాన్ని ఆపలేదు.

నేపథ్యం

సిలికాన్ వ్యాలీ బ్యాంకు 1983లో మొదలైంది. స్టార్టప్ కంపెనీలు, వాటికి పెట్టుబడి పెట్టే వెంచర్ క్యాపిటల్ సంస్థలు దాని ప్రధాన ఖాతాదారులు. వెంచర్ పెట్టుబడి ఉధృతంగా ప్రవహించిన 2020, 2021 సంవత్సరాల్లో ఆ కంపెనీలు సేకరించిన సొమ్మంతా ఈ బ్యాంకు ఖాతాల్లోకి చేరింది. 2019 చివర 6,200 కోట్ల డాలర్లుగా ఉన్న డిపాజిట్లు 2021 చివరికి 18,900 కోట్ల డాలర్లకు పెరిగాయి. రెండేళ్లలో మూడు రెట్లు. అంత వేగంగా అప్పులివ్వడం సాధ్యం కాదు కనుక, బ్యాంకు ఆ సొమ్ములో అధిక భాగాన్ని దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లలోనూ, ప్రభుత్వ హామీ ఉన్న గృహరుణ పత్రాలలోనూ పెట్టింది. వాటిలో ఎక్కువ భాగాన్ని గడువు తీరేవరకు అట్టిపెట్టుకునే వర్గంలో చూపింది. ఆ వర్గంలో ఉన్న బాండ్ల మార్కెట్ విలువ తగ్గినా నష్టం లాభనష్టాల ఖాతాలోకి రాదు, మూలధనంలోంచి తగ్గదు; వార్షిక నివేదిక అనుబంధ పట్టికల్లో మాత్రం కనిపిస్తుంది.

ఈ బాండ్లలో పరపతి ప్రమాదం, అంటే ఇచ్చిన సొమ్ము తిరిగి రాకపోయే ప్రమాదం, దాదాపు లేదు. ఉన్నదల్లా వడ్డీ రేటు ప్రమాదం (రేట్లు పెరిగితే పాత బాండ్ల విలువ తగ్గడం), దాని వెంట ద్రవ్యత్వ ప్రమాదం (డిపాజిటర్లు అడిగినప్పుడు నగదు చాలకపోవడం). 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గర ఉన్న ఫెడరల్ రిజర్వ్ పాలసీ రేటు ఆ ఏడాది డిసెంబరుకు 4.25 నుంచి 4.50 శాతానికి చేరింది. ఏడాది చివరికి గడువు వరకు ఉంచుకునే బాండ్లలో దాగిన నష్టం సుమారు 1,500 కోట్ల డాలర్లకు చేరింది. బ్యాంకు మాతృసంస్థ వాటాదారుల మూలధనం సుమారు 1,600 కోట్ల డాలర్లు. మరోవైపు స్టార్టప్‌లకు కొత్త పెట్టుబడి రావడం మందగించింది, ఉన్న సొమ్ము ఖర్చవుతోంది. డిపాజిట్లు 2022 చివరికి 17,300 కోట్ల డాలర్లకు తగ్గాయి. వాటిలో 94 శాతం, ఒక్కో డిపాజిటర్‌కు 2.5 లక్షల డాలర్ల వరకే వర్తించే బీమా పరిధికి వెలుపల ఉన్నాయి.

ఈ సంఖ్యల్లో ఏదీ బ్యాంకులోని వారికి తెలియని రహస్యం కాదు. అవి బోర్డుకు ఏ రూపంలో చేరాయన్నదే అసలు విషయం.

పరిమితి దాటినప్పుడు జరిగినది

వడ్డీ రేటు ప్రమాదాన్ని బ్యాంకులు ప్రధానంగా రెండు విధాలుగా కొలుస్తాయి. మొదటిది, రేట్లు మారితే రాబోయే ఏడాది రెండేళ్లలో నికర వడ్డీ ఆదాయం ఎంత మారుతుందన్నది. రెండవది, రేట్లు మారితే ఆస్తుల నేటి విలువ, అప్పుల నేటి విలువ ఎంత తగ్గుతాయి, ఆ రెండింటి తేడాగా మిగిలే మూలధనపు ఆర్థిక విలువకు ఏమవుతుందన్నది. మొదటిది సమీప లాభాన్ని చూపుతుంది, రెండవది దీర్ఘకాలపు దెబ్బను చూపుతుంది. సిలికాన్ వ్యాలీ బ్యాంకులో ఈ రెండవ కొలత 2017 నుంచే అప్పుడప్పుడూ బ్యాంకు తానే పెట్టుకున్న పరిమితిని దాటుతూ వచ్చింది. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల డిపాజిట్లతో దీర్ఘకాలిక బాండ్లు కొన్న బ్యాంకులో అది సహజమే. రేట్లు పెరిగితే ఆదాయం పెరుగుతుందని మొదటి కొలత చెబుతూ ఉండడం వల్ల యాజమాన్యం దాని మీదే దృష్టి నిలిపింది.

2022 ఏప్రిల్‌లో, రేట్ల పెంపు మొదలైన కొద్ది వారాలకే, బ్యాంకు ఈ ప్రమాదాన్ని లెక్కించే తన మోడల్‌లో ఒక మార్పు చేసింది. ఒక కన్సల్టెంట్ చేసిన డిపాజిట్ల అధ్యయనాన్నీ, సొంత విశ్లేషణనూ ఆధారంగా చూపి, తన డిపాజిట్లు అంతకుముందు అనుకున్నదాని కంటే ఎక్కువ కాలం బ్యాంకులో నిలుస్తాయన్న అసంప్షన్‌ను, అంటే లెక్కకు ఆధారమైన ఊహను, స్వీకరించింది. ఆ ఒక్క మార్పుతో మూలధనపు ఆర్థిక విలువ కొలత మెరుగుపడినట్టు కనిపించింది. ఈ మార్పుకు తగిన ఆధారం లేదని ఫెడరల్ రిజర్వ్ సమీక్ష తేల్చింది. ఈ మార్పు కోసం బాండ్లలో ఒక్కటి కూడా అమ్మలేదు, డిపాజిట్ ఒక్కటి కూడా స్థిరపడలేదు.

ఒక చిన్న లెక్కతో ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. సంఖ్యలు కేవలం ఉదాహరణకు. ఒక బ్యాంకుకు 100 డాలర్ల బాండ్లు, 90 డాలర్ల డిపాజిట్లు, 10 డాలర్ల మూలధనం ఉన్నాయనుకోండి. బాండ్ల డ్యూరేషన్ (సొమ్ము తిరిగి రావడానికి పట్టే సగటు కాలం) ఆరేళ్లయితే, రేటు ఒక శాతం పెరిగినప్పుడు వాటి విలువ దాదాపు 6 డాలర్లు తగ్గుతుంది. డిపాజిట్ల డ్యూరేషన్ ఒక ఏడాదే అనుకుంటే అప్పుల విలువ 90 సెంట్లు మాత్రమే తగ్గుతుంది. కనుక మూలధనంలో 5 డాలర్ల 10 సెంట్లు, అంటే సగానికి పైగా, పోతుంది. ఇప్పుడు డిపాజిట్ల డ్యూరేషన్ నాలుగేళ్లని మోడల్‌లో రాయండి. అప్పుల విలువ 3 డాలర్ల 60 సెంట్లు తగ్గినట్టు లెక్క వస్తుంది, మూలధన నష్టం 2 డాలర్ల 40 సెంట్లకు కుదించుకుపోతుంది. ఎర్ర రంగులో ఉన్న గడి పచ్చబడుతుంది. సిలికాన్ వ్యాలీ బ్యాంకు బాండ్లలో గడువు వరకు ఉంచుకునే భాగం డ్యూరేషన్ 2022 చివర ఆరేళ్లకు పైనే ఉంది. ఇక డిపాజిట్ల విషయానికొస్తే, నెలనెలా జీతాలకు, అద్దెలకు సొమ్ము తీసే స్టార్టప్ ఖాతాలు దీర్ఘకాలం నిలుస్తాయన్న ఊహకు, ఆ ఖాతాలు అప్పటికే తగ్గుతున్న వాస్తవానికి పొంతన లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ మార్పు జరిగిన సమయమే. డిపాజిట్ అసంప్షన్లను సమీక్షించడం తప్పేమీ కాదు, ప్రతి బ్యాంకూ చేయవలసినదే. అయితే ఒక కొలత పరిమితి దాటి ఉన్న కాలంలో, ఆ కొలతను తగ్గించే దిశలోనే అసంప్షన్ మారుతోందంటే, అది మోడల్ సాంకేతిక విషయంగా కింది స్థాయిలో ముగియకూడదు. దాన్ని పరిమితి సడలింపుతో సమానంగా చూడాలి. పరిమితిని పెంచడానికి బోర్డు ఆమోదం అడిగే బ్యాంకు, అదే ఫలితాన్నిచ్చే అసంప్షన్ మార్పుకు అడగకపోతే, పరిమితి మీద బోర్డుకు ఉన్న అధికారం కాగితానికే పరిమితమైనట్టు.

అదే ఏడాది బ్యాంకు తన దగ్గరున్న వడ్డీ రేటు హెడ్జింగ్ ఒప్పందాలను, అంటే రేట్లు పెరిగితే వచ్చే నష్టం నుంచి కాపాడేవాటిని, కూడా చాలావరకు తొలగించుకుంది. రేట్లు తగ్గితే ఆదాయం పడిపోతుందన్న భయం దీనికి ప్రేరణ. నికర వడ్డీ ఆదాయాన్ని మాత్రమే చూసేవారికి ఆ నిర్ణయం సబబుగానే కనిపిస్తుంది. రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూసే కమిటీకి అలా కనిపించే వీలు లేదు.

ద్రవ్యత్వ పరీక్షలో కూడా ఇదే వరస. 2022 మధ్యలో మరింత కఠినమైన ప్రమాణాలు వర్తించడం మొదలైనప్పుడు, బ్యాంకు తన అంతర్గత ద్రవ్యత్వ ఒత్తిడి పరీక్షలో, అంటే డిపాజిట్లు ఒక్కసారిగా పోతే నగదు సరిపోతుందా అని చూసే లెక్కలో, విఫలమైంది. నిధుల సామర్థ్యాన్ని పెంచడానికి కొన్ని చర్యలు తలపెట్టినా, పరీక్షలోని అసంప్షన్లను కూడా తక్కువ కఠినంగా మార్చింది. బ్యాంకులకు తాకట్టుపై అప్పిచ్చే కేంద్ర బ్యాంకు డిస్కౌంట్ విండో నుంచి అప్పు తీసుకునే ఏర్పాటును ఆ ఏడాది పరీక్షించి చూడలేదు. అత్యవసర నిధుల ప్రణాళిక కాగితం మీద ఉండడం, తాకట్టు పత్రాలు సరైన చోట సిద్ధంగా ఉండడం వేర్వేరు విషయాలని 2023 మార్చి 9 సాయంత్రం తేలిపోయింది.

అధిపతి లేని రిస్క్ విభాగం

వివిధ దేశాల బ్యాంకు నియంత్రణ సంస్థల ఉమ్మడి వేదికైన బాసెల్ కమిటీ 2015 జూలైలో వెలువరించిన బ్యాంకుల కార్పొరేట్ పాలన సూత్రాలు పదమూడు. వాటిలో ఆరవది, బ్యాంకుకు స్వతంత్రమైన రిస్క్ నిర్వహణ విభాగం ఉండాలని, దానికి తగిన హోదా, వనరులు, బోర్డుతో నేరుగా మాట్లాడే వీలు ఉన్న ముఖ్య రిస్క్ అధికారి ఉండాలని చెబుతుంది. సిలికాన్ వ్యాలీ బ్యాంకులో 2022 ఏప్రిల్‌లో ఆ అధికారి బాధ్యతల నుంచి తప్పుకోగా, కొత్తవారు వచ్చేసరికి ఏడాది ముగిసింది. దాదాపు ఎనిమిది నెలలు ఆ కుర్చీ ఖాళీ. అమెరికాలో వడ్డీ రేట్లు నాలుగు దశాబ్దాలలో ఎన్నడూ లేనంత వేగంగా పెరిగిన కాలం సరిగ్గా అదే.

అంతమాత్రాన బోర్డు నిద్రపోయిందని అనలేం. 2021లో ఏడుసార్లు సమావేశమైన రిస్క్ కమిటీ 2022లో పద్దెనిమిది సార్లు సమావేశమైంది. పాలన నివేదికల్లో సమావేశాల సంఖ్యనూ, హాజరు శాతాన్నీ ప్రముఖంగా ప్రకటించుకునే అలవాటు ఉన్న మనలాంటివారు ఈ సంఖ్య దగ్గర ఆగాలి. పద్దెనిమిది సమావేశాల ఎజెండాలోకి ఏం వచ్చింది, ఎవరు తెచ్చారు? బ్యాంకు నిధులను, బాండ్లను నిర్వహించే ట్రెజరీ విభాగం తయారుచేసిన నోట్‌ను ట్రెజరీ అధిపతే సమర్పించి, దానికి ఎదురుగా స్వతంత్రంగా మాట్లాడవలసిన వ్యక్తి గదిలో లేనప్పుడు, సమావేశాలు రెండింతలైనా కమిటీ ముందుకు వచ్చే అభిప్రాయం ఒకటే ఉంటుంది. బోర్డు సభ్యుల్లో పెద్ద బ్యాంకుల రిస్క్ నిర్వహణ అనుభవం తగినంతగా లేదన్న విషయం కూడా దీనికి తోడైంది. పారిశ్రామిక రంగంలో గొప్పగా రాణించిన డైరెక్టర్‌కు కూడా, డిపాజిట్ డ్యూరేషన్ పెరిగినట్టు చూపే ఒక పంక్తిని ప్రశ్నించాలని తోచకపోవచ్చు.

జీతభత్యాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఉన్నతాధికారుల ప్రోత్సాహకాలు స్వల్పకాలిక ఆదాయానికి, వాటాలపై రాబడికి ముడిపడి ఉన్నాయి. రిస్క్ కొలతలకు వాటిలో చోటు లేదు. నికర వడ్డీ ఆదాయాన్ని కాపాడే నిర్ణయం ప్రతిసారీ ఎందుకు నెగ్గిందో దీనితో చాలావరకు అర్థమవుతుంది.

అంతర్గత ఆడిట్‌పై వచ్చిన విమర్శ నాకు ఇంకా తీవ్రంగా తోస్తుంది. 2022 మే నెలాఖరులో పర్యవేక్షకులు రాసిన లేఖ తక్షణం సరిదిద్దవలసిన మూడు లోపాలను ఎత్తిచూపింది: బోర్డు పర్యవేక్షణ, రిస్క్ నిర్వహణ కార్యక్రమం, అంతర్గత ఆడిట్. వ్యాపార విభాగం, రిస్క్ విభాగం, ఆడిట్ విభాగం ఒకదాని వెనక ఒకటిగా మూడు రక్షణ శ్రేణులని మనం చెప్పుకుంటాం. రెండవ శ్రేణికి అధిపతి లేని స్థితిలో మూడవ శ్రేణి ఆడిట్ కమిటీకి రాయవలసిన మొదటి వాక్యం అదే అయి ఉండాలి.

పర్యవేక్షకులు కూడా నిర్దోషులు కారు. బ్యాంకు మూతపడే నాటికి దానిపై 31 లోపాలు పరిష్కారం కాకుండా మిగిలి ఉన్నాయి. ఇది దాని సాటి బ్యాంకుల సగటుకు దాదాపు మూడు రెట్లు. లోపాలను గుర్తించడంలో జాప్యం జరిగిందని, గుర్తించాక కూడా తగినంత బలంగా చర్య తీసుకోలేదని ఫెడరల్ రిజర్వ్ తన సమీక్షలో తానే ఒప్పుకుంది. 2018 నాటి చట్టమూ, 2019లో దాన్ని అనుసరించి వచ్చిన నియమాలూ ఈ స్థాయి బ్యాంకులపై పట్టును సడలించాయి. అయితే పర్యవేక్షకుల మెతకదనాన్ని బోర్డు తన సమర్థనగా చూపుకోజాలదు. లేఖలు బోర్డు చేతికే వచ్చాయి.

చివరి మూడు రోజులు

మార్చి 8, బుధవారం నాడు బ్యాంకు 2,100 కోట్ల డాలర్ల బాండ్లను అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టాన్ని నమోదు చేశానని, 225 కోట్ల డాలర్ల కొత్త మూలధనం సేకరిస్తానని ఒకేసారి ప్రకటించింది. మూలధనం చేతికి రాకముందే నష్టం బయటపడింది. క్రిప్టో సంస్థలకు సేవలందించే సిల్వర్‌గేట్ బ్యాంకు తన కార్యకలాపాలు ముగిస్తున్నట్టు చెప్పింది కూడా ఆ రోజే. మార్చి 9న ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్ల డిపాజిట్లు వెళ్లిపోయాయి. మర్నాడు మరో 10,000 కోట్ల డాలర్లు వెళ్తాయన్న అంచనా ఉండగా బ్యాంకు మూతపడింది.

అంత వేగంతో డిపాజిట్లు తరలిపోతే ఏ బ్యాంకూ నిలవలేదని అప్పటి ముఖ్య కార్యనిర్వహణాధికారి గ్రెగ్ బెకర్ ఆ ఏడాది మే నెలలో సెనేట్ కమిటీ ముందు వాదించారు. మార్చి 9 ఉదయం గురించి మాట్లాడుతున్నంత వరకు ఆ వాదన సరైనదే. ఆ రోజు ఏ బోర్డూ చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. కానీ 2022 ఏప్రిల్‌లో, పాత కొలత ప్రకారమే నడుచుకుని, కొద్ది నష్టానికైనా బాండ్ల డ్యూరేషన్ తగ్గించుకునే అవకాశం బోర్డు ముందుంది. ఆ పని చేస్తే బ్యాంకు తప్పక బతికేదని నేను అనను. ఒకే రంగానికి చెందిన, బీమా లేని డిపాజిట్లు అంత ఎక్కువగా ఉన్న బ్యాంకు ఎలాగూ బలహీనమే. నష్టం చిన్నదిగా ఉన్నప్పుడు దాన్ని ఎదుర్కొనే అవకాశం మాత్రం మిగిలి ఉండేది.

ఇదే పోకడ మరి రెండుచోట్ల

దీన్ని ఒక ప్రాంతీయ బ్యాంకు అనుభవలేమిగా కొట్టిపారేసేవారి కోసం రెండు పెద్ద ఉదాహరణలు. 2012 జనవరిలో జేపీ మోర్గాన్ ముఖ్య పెట్టుబడి విభాగం రిస్క్ విలువ (మామూలుగా ఒక రోజులో ఎంత వరకు నష్టపోవచ్చన్న అంచనా) పరిమితిని దాటింది. ఆ నెలలోనే ఆమోదం పొందిన కొత్త మోడల్ ఆ విభాగపు కొలతను దాదాపు సగానికి తగ్గించింది, పరిమితి ఉల్లంఘన మాయమైంది, లావాదేవీలు ఇంకా పెరిగాయి. ‘లండన్ వేల్’గా పేరుపడిన ఆ వ్యవహారంలో నష్టం 600 కోట్ల డాలర్లు దాటింది. 2021లో ఆర్కెగోస్ అనే పెట్టుబడి సంస్థ కుప్పకూలినప్పుడు, దానికి అప్పులిచ్చిన స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్ సుమారు 550 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. ఆ ఖాతా ఒత్తిడి పరీక్ష పరిమితిని దాటినప్పుడు, తీవ్రమైన మార్కెట్ పతనాన్ని ఊహించే పరీక్ష స్థానంలో అంతకంటే తేలికైన పరీక్షను వర్తింపజేసినట్టు తర్వాతి స్వతంత్ర విచారణలో బయటపడింది. మూడు బ్యాంకులు, మూడు రకాల రిస్క్‌లు. జేపీ మోర్గాన్ ఆ దెబ్బను తట్టుకోగలిగింది, మిగతా రెండింటికీ వేర్వేరు దారుల్లో 2023 మార్చిలోనే ఆట ముగిసింది.

బోర్డు నోట్‌లో ఉండవలసినవి

ఈ కేసు చదివిన తర్వాత బోర్డు నోట్ల విషయంలో నేను పట్టుబట్టే మార్పులు పెద్ద సంస్కరణలేమీ కావు. పరిమితి దాటి ఉన్న, లేదా దాటబోతున్న కొలతకు సంబంధించిన ఏ అసంప్షన్ మారినా, అది రిస్క్ కమిటీ ఎజెండాలో విడి అంశంగా రావాలి. మార్పు తర్వాత కనీసం నాలుగు త్రైమాసికాల పాటు పాత అసంప్షన్ ప్రకారం వచ్చే సంఖ్య, కొత్తదాని ప్రకారం వచ్చే సంఖ్య ఒకే పట్టికలో పక్కపక్కన కనిపించాలి. ప్రతి ఉల్లంఘనకూ అది ఎప్పటి నుంచి ఉందో, బ్యాలెన్స్ షీట్‌లో ఏ చర్యతో అది తొలగిందో తెలిపే వయసు పట్టిక ఉండాలి; చర్య లేకుండా తొలగిన ఉల్లంఘనల జాబితా విడిగా ఉండాలి. ఈ చివరి జాబితా ఖాళీగా ఉండే బ్యాంకులు నేను ఊహించినంత ఎక్కువ లేవు.

ముఖ్య రిస్క్ అధికారి పదవి ఖాళీ అయిన రోజే తాత్కాలిక అధికారిని పేరుతో సహా బోర్డు నియమించి, ఆ వ్యక్తి యాజమాన్యం లేని సమయంలో కమిటీతో మాట్లాడే ఏర్పాటును మినిట్స్‌లో నమోదు చేయాలి. అత్యవసర నిధుల ఏర్పాటును ఏడాదికి ఒకసారైనా నిజంగా కొద్ది మొత్తం అప్పు తీసుకుని పరీక్షించి, ఎన్ని గంటలు పట్టిందో కమిటీకి చెప్పాలి. కేంద్ర బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటే మార్కెట్‌లో చెడ్డపేరు వస్తుందన్న సంకోచం ట్రెజరీలలో ఎప్పుడూ వినిపిస్తుంది. పరీక్ష కోసం తీసుకునే చిన్న మొత్తానికి ఆ సంకోచం వర్తించదు.

పక్కపక్కన రెండు సంఖ్యలు చూపితే డైరెక్టర్లు గందరగోళపడతారన్నది ట్రెజరీ విభాగాల నుంచి వచ్చే ప్రధాన అభ్యంతరం. అందులో కొంత నిజముంది. నలభై పేజీల నోట్‌లో ఒకే కొలతకు రెండు విలువలు కనిపిస్తే చర్చ దారితప్పిన సందర్భాలు ఉన్నాయి. దానికి మార్గం ఆ పట్టిక కిందనే, తేడా ఎందుకు వచ్చిందో, దాన్ని సమర్థించే డిపాజిట్ చరిత్ర ఎన్నేళ్లదో, రేట్లు పెరిగిన కాలం అందులో ఉందో లేదో చెప్పే ఒక పేరా పెట్టడం. ఆ పేరాను ట్రెజరీ రాయకూడదు; మోడళ్లను స్వతంత్రంగా ధ్రువీకరించే బృందం రాసి, ముఖ్య రిస్క్ అధికారి సంతకంతో కమిటీకి పంపాలి.